మందు లెక్క చివర తేలుతుంది: క్యాప్ అండ్ బాల్ రివాల్వర్‌కు మోతాదు ఎంచుకోవడం

క్యాప్ అండ్ బాల్ రివాల్వర్ అంటే సిలిండర్‌లోని ఒక్కో గదిలో (ఛాంబర్‌లో) మందు, సీసపు గుండు విడిగా దట్టించి, వెనుక నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ (క్యాప్) పెట్టి కాల్చే పాత తరహా రివాల్వర్. దాన్ని కొత్తగా చేతిలోకి తీసుకున్నవారి మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇందులో మందు ఎన్ని గ్రెయిన్లు పోయాలి? ఒకరు 20 అంటారు, మరొకరు 25 అంటారు, ఇంకొకరు 35 పోసినా ఏమీ కాదంటారు. ముగ్గురూ తమ తమ తుపాకుల విషయంలో నిజమే చెబుతూ ఉండవచ్చు. అయినా అడిగినవారికి ఆ మూడు జవాబుల్లో ఒక్కటీ పనికిరాకపోవచ్చు. మందు ఎంత అనేది అన్నింటికంటే చివర తేలవలసిన లెక్క. రివాల్వర్ ఫ్రేమ్‌ను (గొట్టాన్ని, సిలిండర్‌ను పట్టి ఉంచే చట్రాన్ని) ఏ లోహంతో చేశారో, ఛాంబర్ లోతెంతో, అందులోకి దిగే గుండు కొలత ఎంతో, వాడేది అసలైన బ్లాక్ పౌడరో దానికి ప్రత్యామ్నాయమో ముందు తెలియాలి. ఇప్పటి తూటాలో ఈ లెక్కలన్నీ ఫ్యాక్టరీలోనే ముగిసిపోతాయి. ఇక్కడ మాత్రం తూటా తయారయ్యేది సిలిండర్ లోపల, ప్రతిసారీ కొత్తగా, కాల్చేవారి చేతుల మీదుగానే.

ముందుగా రెండు మాటల సంగతి. తెలుగులో నల్లమందు అంటే అభిని అనే అర్థం పాతుకుపోయింది కాబట్టి నేను బ్లాక్ పౌడర్ అని, లేదా ఉత్తి మందు అని రాస్తాను. సూరేకారం 75 పాళ్ళు, బొగ్గు 15 పాళ్ళు, గంధకం 10 పాళ్ళు కలిసిన పాత తుపాకి మందే అది. గ్రెయిన్ అంటే ఇక్కడ రవ్వ కాదు, బరువు కొలత: 7000 గ్రెయిన్లు కలిస్తే ఒక పౌండు. గ్రాముల్లో చెప్పాలంటే ఒక గ్రెయిన్ 0.0648 గ్రాము, 30 గ్రెయిన్ల మందు రెండు గ్రాములకు కాస్త తక్కువ. ఇంత చిన్న పరిమాణంలో ఐదు గ్రెయిన్ల తేడా అంటే ఆరో వంతు తేడా అని గుర్తుంచుకుంటే, సంఖ్యలను చూసే తీరే మారిపోతుంది.

ఒక్క ఛాంబర్ నింపడాన్ని దగ్గరనుంచి చూద్దాం. హ్యామర్‌ను, అంటే క్యాప్‌ను కొట్టే సుత్తిని, సగం వెనక్కి లాగి ఆపితే సిలిండర్ స్వేచ్ఛగా తిరుగుతుంది. గొట్టాన్ని పైకి, ముఖానికి దూరంగా నిలిపి, కొలపాత్రలో కొలిచిన మందును ఒక ఛాంబర్‌లో పోస్తారు. దాని మీద కొవ్వు పట్టించిన చిన్న ఫెల్ట్ బిళ్ళను పెడతారు. ఆపైన మెత్తని సీసపు గుండును ఛాంబర్ అంచు మీద ఉంచితే అది లోపలికి జారిపోదు, అంచున కూర్చునే ఉంటుంది. ఎందుకంటే అది ఛాంబర్‌కంటే వెంట్రుకవాసి పెద్దది. సిలిండర్‌ను తిప్పి గుండును గొట్టం కింద ఉన్న లోడింగ్ లివర్ కిందికి తెచ్చి, లివర్‌ను స్థిరంగా దించితే, గుండు లోపలికి దిగుతూ తన చుట్టూ ఉన్న అదనపు సీసాన్ని ఛాంబర్ అంచు దగ్గర వదిలేస్తుంది. దారంలాంటి సన్నని సీసపు ఉంగరం ఒకటి, ఎక్కడా తెగకుండా, మిలమిలలాడుతూ బయటికి వస్తుంది. ఆ ఉంగరం పూర్తిగా వచ్చిందంటే గుండు ఛాంబర్ గోడను చుట్టూతా ఒత్తుకుని కూర్చుందని అర్థం. సగమే వస్తే గుండు చిన్నదన్నమాట, లేదా వంకరగా దిగిందన్నమాట. నా దృష్టిలో గ్రెయిన్ల సంఖ్యకంటే ముందు చూసుకోవలసింది ఆ ఉంగరాన్నే.

ఛాంబర్ లోతు మారదు. అందులో మందు, బిళ్ళ, గుండు మూడూ ఇమడాలి. ఒకటి పెరిగితే మరొకటి తగ్గాలి. 44 క్యాలిబర్ (గొట్టం వెడల్పును అంగుళంలో వందో వంతుల్లో చెప్పే పేరు) ఆర్మీ నమూనా రివాల్వర్ల ఛాంబర్‌లో గుండు దిగిన తర్వాత కూడా ముందుకు పొడుచుకు రాకుండా ఉండాలంటే మందుకు మిగిలే చోటు 35 గ్రెయిన్ల చుట్టూ ఉంటుంది. గుండు ముందుకు పొడుచుకు వస్తే సిలిండర్ తిరగదు. అందువల్ల చాలామంది ఛాంబర్ పట్టినంత మందే దాని గరిష్ఠ పరిమితి అని, పట్టినంత పోయవచ్చని అనుకుంటారు. ఉక్కు ఫ్రేమ్ ఉన్న మంచి రివాల్వర్‌లో, అసలైన బ్లాక్ పౌడర్‌తో, గుండ్రని గుండుతో వాడినంతకాలం ఆ అభిప్రాయం చాలావరకు నిలబడుతుంది. ఈ మూడు షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా అది ప్రమాదకరమైన సలహాగా మారుతుంది.

మొదటి షరతు ఫ్రేమ్. 1851 నాటి కోల్ట్ నేవీ, 1860 నాటి కోల్ట్ ఆర్మీ నమూనాల్లో సిలిండర్ పైన లోహపు పట్టీ ఉండదు. గొట్టం మొత్తాన్ని ఫ్రేమ్‌తో కలిపి పట్టి ఉంచేది సిలిండర్ మధ్యగుండా వెళ్ళే ఇరుసు, దానికి అడ్డంగా దిగే చిన్న మేకు. 1858 పేటెంటుతో వచ్చిన రెమింగ్టన్ నమూనాలో సిలిండర్ పైనుంచి కూడా పట్టీ ఉండటం వల్ల ఫ్రేమ్ మొత్తం ఒకే కట్టుగా ఉంటుంది. ఉక్కుతో చేసినప్పుడు రెండూ మామూలు మోతాదులను ఏళ్ళ తరబడి తట్టుకుంటాయి. చిక్కు వచ్చేది ఇత్తడి ఫ్రేముతో. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాలు ఉక్కుకు కటకటలాడుతూ ఇత్తడి ఫ్రేములతో రివాల్వర్లు పోతపోశాయి. జార్జియాలో గ్రిస్‌వోల్డ్ అండ్ గన్నిసన్ తయారుచేసిన 36 క్యాలిబర్ రివాల్వర్లు వాటిలో పేరున్నవి. ఆ రూపాన్ని అనుకరించి నేటికీ ఇత్తడి ఫ్రేములతో రివాల్వర్లు తయారవుతున్నాయి, ఉక్కువాటికంటే చవకగా దొరుకుతున్నాయి, కాబట్టి కొత్తవారి చేతికి ముందుగా అవే వస్తాయి.

కాల్చిన ప్రతిసారీ సిలిండర్ వెనక్కి వచ్చి ఫ్రేమ్ వెనుక గోడను గుద్దుతుంది. ఉక్కు ఆ దెబ్బను తట్టుకుంటుంది. ఇత్తడి మెత్తన కాబట్టి నెమ్మదిగా అణుగుతుంది, కొంతకాలానికి సిలిండర్ పంటి చక్రం ఆకారం ఆ గోడ మీద అచ్చుపడుతుంది. కోల్ట్ తరహా నమూనాల్లో ఇరుసు ఇత్తడిలోకే మరలతో బిగించి ఉంటుంది కనుక అది కూడా వదులవుతుంది. గొట్టానికీ సిలిండర్‌కీ మధ్య ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీలోంచి నిప్పు పక్కలకు చిమ్ముతుంది. ఇదంతా ఒక్క రోజులో జరగదు, అందుకే మోసపోతారు: ఇవాళ 30 గ్రెయిన్లు పోసి కాల్చితే ఏమీ కాలేదని, రేపూ కాదని అనుకుంటారు. 44 క్యాలిబర్ ఇత్తడి ఫ్రేమ్‌కు 15 నుంచి 20 గ్రెయిన్లు, 36 క్యాలిబర్ దానికి 15 చుట్టూ ఉంచుకుంటే అది చాలాకాలం మన్నుతుంది. తయారీదారు తన పుస్తకంలో ఇంతకంటే తక్కువ రాసి ఉంటే అదే హద్దు.

ఎక్కువ మందు ఆశకు చరిత్రలో మంచి ఉదాహరణ 1847 నాటి కోల్ట్ వాకర్. శామ్యూల్ కోల్ట్, కెప్టెన్ శామ్యూల్ వాకర్ కలిసి మెక్సికో యుద్ధం కోసం రూపొందించిన ఆ రివాల్వర్ బరువు రెండు కిలోల పైమాటే. ఒక్కో ఛాంబర్‌లో 60 గ్రెయిన్ల మందు పట్టేది. ఆనాటి చేతి తుపాకుల్లో అంత శక్తి మరి దేనికీ లేదు. కానీ తయారైన సుమారు 1100 రివాల్వర్లలో చాలావాటికి సిలిండర్లు పగిలాయి. ఆనాటి లోహం నాణ్యత ఒకే తీరుగా ఉండేది కాదు, ఛాంబర్లు అంత మందును పట్టేవి కాబట్టి సైనికులు నిండుగా దట్టించేవారు; ఈ రెండూ కలిస్తే ఏం జరుగుతుందో అదే జరిగింది. పైగా బలమైన అదురుకు లోడింగ్ లివర్ కిందికి జారిపడి సిలిండర్‌ను తిరగకుండా పట్టేసేది. మరుసటి ఏడాది వచ్చిన డ్రాగూన్ నమూనాలో కోల్ట్ సిలిండర్‌నే పొట్టిచేసి మోతాదును 50 గ్రెయిన్లకు దించేశాడు, లివర్ కొనకు గట్టి కొక్కెం పెట్టాడు. మందు తగ్గించమని సైనికుడికి చెప్పడంకంటే, ఎక్కువ పట్టని ఛాంబర్ ఇవ్వడమే మేలని ఆ మార్పును చూస్తే నాకు అనిపిస్తుంది.

రెండో షరతు గుండు. క్యాలిబర్ పేరు చూసి గుండు కొనకూడదు. 44 క్యాలిబర్ అనే రివాల్వర్‌లోకి దిగేది 0.451 లేదా 0.454 అంగుళాల గుండు. 36 క్యాలిబర్‌లోకి 0.375 లేదా 0.380 అంగుళాలది, 1972లో వచ్చిన రూగర్ ఓల్డ్ ఆర్మీకి 0.457 అంగుళాలది కావాలి. 0.454 గుండు బరువు సుమారు 141 గ్రెయిన్లు, 0.375 గుండు సుమారు 80 గ్రెయిన్లు. 0.451, 0.454 మధ్య తేడా కంటికి కనపడదు కానీ లివర్ పట్టుకున్న చేతికి తెలుస్తుంది. పెద్ద గుండు దిగడానికి ఎక్కువ బలం కావాలి. దిగాక ఛాంబర్ గోడను ఎక్కువ మేర ఒత్తుకుని ఉంటుంది, అదురుకు ముందుకు జారదు, గొట్టంలోని గాడులు పట్టుకోవడానికి దాని నడుము మీద వెడల్పైన పట్టీ ఏర్పడుతుంది. సీసపు ఉంగరం పూర్తిగా రావడం లేదనిపిస్తే మందు సంగతి తర్వాత, ముందు గుండును మార్చాలి.

గుండు కచ్చితంగా మెత్తని, శుద్ధ సీసంతోనే పోసినదై ఉండాలి. చక్రాల తూకపు ముక్కల వంటి గట్టి మిశ్రమ లోహంతో పోసిన గుండు అంచు దగ్గర ఉంగరంగా కోసుకోవడానికి మొండికేస్తుంది. లివర్ మీద బలం పెంచితే లివర్ వంగడమో, దాని మేకు విరగడమో జరుగుతుంది. ఇంకొక ఆశ కోసుగా ఉండే పొడవాటి బుల్లెట్ మీద కలుగుతుంది. అది బరువైనది, గుండు కంటే ఛాంబర్‌లో ఎక్కువ చోటు తింటుంది. కదలడానికి ఎక్కువ సేపు తీసుకునే బరువు వెనుక అంతే మందు మండితే పీడనం పెరుగుతుంది. కాబట్టి గుండ్రని గుండుకు కుదిరిన మోతాదును బుల్లెట్‌కు యథాతథంగా వాడకూడదు. అది వంకరగా దిగే అవకాశమూ ఎక్కువే. కాగితపు లక్ష్యాలను కొట్టడానికి గుండ్రని గుండే మేలన్నది నా స్థిరమైన అభిప్రాయం.

మూడో షరతు మందు రకం. బ్లాక్ పౌడర్ రవ్వ పరిమాణాన్ని ఎఫ్ అక్షరాలతో సూచిస్తారు. ఎఫ్‌లు పెరిగే కొద్దీ రవ్వ సన్నబడుతుంది, సన్నబడే కొద్దీ వేగంగా మండుతుంది. రివాల్వర్లకు సాధారణంగా వాడేది మూడు ఎఫ్‌ల మందు. రెండు ఎఫ్‌లది ముతక, పెద్ద తుపాకులకు తగినది; వాకర్ వంటి పెద్ద ఛాంబర్లలో దాన్ని వాడేవారున్నారు. నాలుగు ఎఫ్‌ల మెత్తని మందు చెకుముకి తుపాకి పళ్ళెంలో చిటికెడు వేయడానికి ఉద్దేశించినది. దాన్ని ఛాంబర్‌లో అదే మోతాదులో పోస్తే పీడనం అనవసరంగా పెరుగుతుంది.

ప్రత్యామ్నాయ మందుల దగ్గర చాలామంది తడబడేది కొలత విషయంలో. కొలపాత్ర మీద గ్రెయిన్లని రాసి ఉన్నా అది కొలిచేది ఘనపరిమాణాన్నే. 30 గీత దగ్గర పట్టేంత అసలైన బ్లాక్ పౌడర్ సుమారు 30 గ్రెయిన్లు తూగుతుందని దాని భావం. పైరోడెక్స్ అనే ప్రత్యామ్నాయ మందు బ్లాక్ పౌడర్ కంటే తేలిక. అదే పాత్రలో అదే గీత వరకు పోసి వాడాలని దాన్ని తయారుచేశారు. ఎవరైనా త్రాసు మీద పెట్టి 30 గ్రెయిన్ల పైరోడెక్స్‌ను తూచి పోస్తే, జాగ్రత్తగా పనిచేశానని అనుకుంటూనే మోతాదును మించిపోతారు. ట్రిపుల్ సెవెన్ అనే మందు మరో రకం: పాత్ర కొలతతో చూసినా అది బ్లాక్ పౌడర్ కంటే శక్తిమంతం, అందుకే మోతాదును 15 శాతం తగ్గించమని, గట్టిగా నొక్కవద్దని తయారీదారే చెబుతాడు. అంటే 30 గీత బదులు 25 గీత. ఇక పొగరాని ఆధునిక మందు విషయంలో మోతాదు అనే ప్రశ్నే లేదు. దాన్ని ఈ రివాల్వర్లలో పిసరంత కూడా, దేనితోనూ కలిపి కూడా వాడకూడదు. దాని పీడనం పెరిగే తీరు వేరు. ఈ సిలిండర్లు దానికోసం చేసినవి కావు, పగిలి తీరతాయి.

ఈ షరతులు కుదిరిన తర్వాత, గురి కోసం ఎంత మందు కావాలనే ఆసక్తికరమైన భాగం వస్తుంది. 44 క్యాలిబర్ రివాల్వర్ నుంచి 30 గ్రెయిన్లతో వెళ్ళే గుండు వేగం సెకనుకు సుమారు 800 నుంచి 900 అడుగులు. గొట్టం పొడవు ఏడెనిమిది అంగుళాలే కాబట్టి మందు పెంచుతూ పోతే వేగం అదే దామాషాలో పెరగదు. పెరిగిన మందులో కొంత గొట్టం దాటాక బయట మంటగా మండిపోతుంది. చూడటానికి ఘనంగా ఉంటుంది కానీ లక్ష్యానికి చేరేది కొంతే. పోటీల్లో 25 మీటర్ల దూరాన కాల్చేవారు చాలామంది 15 నుంచి 25 గ్రెయిన్ల మధ్యే ఆగిపోవడానికి కారణం ఇదే: కాగితానికి చిల్లు పడటానికి అంతకంటే అవసరం లేదు, తక్కువ అదురుతో చేయి స్థిరంగా ఉంటుంది.

అయితే మందు తగ్గిస్తే మరో సమస్య పుట్టుకొస్తుంది. గుండును మందు మీద ఖాళీ లేకుండా ఒత్తి కూర్చోబెట్టడం తప్పనిసరి. మందుకూ గుండుకూ మధ్య గాలి మిగిలితే పీడనం అనూహ్యంగా ఉంటుంది. 15 గ్రెయిన్ల మందు మీద గుండును ఒత్తితే అది ఛాంబర్ అడుగున ఎక్కడో కూర్చుంటుంది. కాల్చినప్పుడు అది అంత దూరం మెత్తగా జారి, సిలిండర్ దాటి, గొట్టం మొదట్లో గాడులను అందుకోవాలి. ఆ ప్రయాణంలో అది కాస్త పక్కకు తిరిగినా గురి చెడుతుంది. కొన్ని రివాల్వర్లలో లివర్ అంత లోతుకు అందదు కూడా, అప్పుడు గాలి ఖాళీ మిగిలిపోతుంది. అందుకే మందు మీద మొక్కజొన్న రవ్వ వంటి పొడి పదార్థాన్ని నింపి, దాని మీద గుండును దించుతారు. గుండు ఛాంబర్ అంచుకు దగ్గరగా నిలుస్తుంది, గాలి ఖాళీ ఉండదు. 20 గ్రెయిన్ల మందు, దాని మీద 10 నుంచి 15 గ్రెయిన్ల గీత వరకు రవ్వ అనే కలయికతో ఉక్కు ఫ్రేమ్ ఉన్న 44 రివాల్వర్‌లో వెతుకులాట మొదలుపెట్టడం నాకు సరైనదిగా తోస్తుంది. లివర్‌ను ప్రతి ఛాంబర్‌కూ ఒకే బలంతో దించడం కూడా మోతాదులో భాగమే, ఎందుకంటే ఒకచోట వదులుగా, ఒకచోట గట్టిగా నొక్కిన బ్లాక్ పౌడర్ ఒకేలా మండదు.

మోతాదు మారితే గుండు తగిలే చోటు కూడా మారుతుంది, అదీ కొత్తవారు ఊహించని దిశలో. మందు తగ్గిస్తే గుండు కిందికి తగులుతుందని అనుకోవడం సహజం. దగ్గరి దూరాల్లో చాలాసార్లు జరిగేది దీనికి విరుద్ధం: నెమ్మదిగా వెళ్ళే గుండు గొట్టంలో ఎక్కువ సేపు ఉంటుంది, ఆ లోపల అదురుకు గొట్టం మూతి పైకి లేస్తుంది, గుండు పైకి తగులుతుంది. కోల్ట్ నమూనాల్లో గురి చూసే వెనుక గుర్తు (రియర్ సైట్) హ్యామర్ కొనమీద కోసిన చిన్న గాటు మాత్రమే. అవి ఎక్కువ దూరానికి కుదిర్చినవి కాబట్టి 25 గజాల్లో ఎలాగూ పైకే కొడతాయి. గుండు చాలా పైకి తగులుతోందని మోతాదు ఇంకా తగ్గిస్తూ పోయేవారు అందుకే విసిగిపోతారు. గురి మాత్రమే చూడాలంటే ముందు చిల్లులు ఎంత దగ్గరగా పడుతున్నాయో చూడాలి, ఎక్కడ పడుతున్నాయో తర్వాత చూడాలి. దగ్గరగా పడుతున్నాయంటే మోతాదు కుదిరింది. గొట్టం మూతి దగ్గరి గురి గుర్తు (ఫ్రంట్ సైట్) ఎత్తు పెంచి చోటును సరిచేసుకోవచ్చు.

వెతికే పద్ధతి కష్టం కాదు, ఓపిక కావాలి. చేతిని ఆనించుకుని, ఒక మోతాదుతో కనీసం రెండు సిలిండర్ల గుండ్లు కాల్చి, కాగితాన్ని మార్చి, రెండు గ్రెయిన్లు పెంచి మళ్ళీ కాల్చాలి. ఒక దశలో చిల్లులు దగ్గరవుతాయి, దాటాక మళ్ళీ చెదురుతాయి. వరుసగా కాల్చేటప్పుడు మసి ప్రభావాన్ని మరవకూడదు. మండిన బ్లాక్ పౌడర్ బరువులో సగానికి పైగా ఘనరూపంలోనే మిగులుతుంది. అది గొట్టం గాడుల్లోను, ఇరుసు మీదా పేరుకుపోయి, మూడోసారి నింపి కాల్చేనాటికి సిలిండర్ తిరగడం బరువెక్కుతుంది. అప్పుడు చెదిరిన చిల్లులకు మోతాదును నిందించడం పొరపాటు. గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచాకే తర్వాతి మోతాదును పరీక్షించాలి. మసిని మెత్తగా ఉంచేది జంతువుల కొవ్వు, తేనెమైనం కలిపిన లేపనం. పెట్రోలియం గ్రీజు ఆ మసితో కలిసి తారులా గట్టిపడుతుంది.

ఒక ఛాంబర్ పేలినప్పుడు పక్క ఛాంబర్ కూడా అంటుకునే ప్రమాదాన్ని చైన్ ఫైర్ అంటారు. మందు ఎక్కువైతే ఇది జరుగుతుందని కొందరి నమ్మకం. నిజానికి నిప్పు దూరడానికి దారి ఉంటే 15 గ్రెయిన్లతోనూ జరుగుతుంది. ఆ దారులు రెండు: ముందువైపు, వదులుగా కూర్చున్న గుండు చుట్టూ, వెనుకవైపు, నిపుల్‌కు (ఛాంబర్ వెనుక క్యాప్‌ను తొడిగే చిన్న మొనకు) సరిపోని క్యాప్ కింద. ముందుదాన్ని పూర్తి సీసపు ఉంగరం, గుండు కింద కొవ్వు బిళ్ళ లేదా గుండు పైన లేపనం మూసేస్తాయి. వెనుకదాన్ని 10వ నంబరో 11వ నంబరో, నిపుల్ మీద బిగువుగా కూర్చునే క్యాప్ మూసేస్తుంది. దాన్ని వేళ్ళతో నొక్కి సరిపెట్టుకోవడం కంటే సరైన నంబరు కొనడమే ఉత్తమం. క్యాప్‌లు ఎప్పుడూ అన్నిటికంటే చివర, కాల్చే చోట నిలబడి, గొట్టం లక్ష్యం వైపు ఉన్నప్పుడే పెట్టాలి. పెద్ద డబ్బా నుంచి నేరుగా ఛాంబర్‌లోకి మందు పోయడం కూడా వద్దు. ఛాంబర్‌లో నిప్పురవ్వ మిగిలి ఉంటే అంటుకునేది కొలపాత్రలోని రెండు గ్రాములు కావాలి కానీ చేతిలోని డబ్బా కాకూడదు.

మోతాదు కుదిరిన రోజున దాన్ని ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి: రివాల్వర్ ఏది, గుండు కొలత ఎంత, మందు పేరు, దానికి ఎన్ని ఎఫ్‌లు, పాత్ర గీత, నింపిన మొక్కజొన్న రవ్వ ఎంత, బిళ్ళ ఉందా లేదా, క్యాప్ నంబరు ఎంత. మందు డబ్బా మారినా, గుండు పోసే అచ్చు మారినా, వీటిలో ఏ ఒక్క గడి మారినా పాత సంఖ్య చెల్లదు. మళ్ళీ కింది మోతాదు నుంచి, కొత్త కాగితం మీద మొదలుపెట్టాలి.